రెండో నంబరు కార్డు

బేతంచెర్ల,
ఆగస్టు 11

ప్రియమైన తమ్ముడు ఏసుకుమార్‌కు,

దేవుని దయవల్ల నువ్వూ, మరదలు స్తుతీ, నా బంగారు మేనకోడలు జెస్సీ బాగున్నారని తలుస్తూ మీ అక్క విశ్వాసమ్మ రాస్తున్నది. నిన్న నీకు ఫోన్ చేసి అరిచి అరిచి నా గొంతు పోయింది. నీకు మాత్రం ఒక్క ముక్కా వినపడలేదు. "ఆఁ? ఎవురు సచ్చిపోయినారు?" అన్నావు. ఎవరూ చావలేదురా, నేను సెక్రెటరీ అయ్యాను! ఆ ముగ్గురాయి గనిలో ఇరవై ఏళ్లు డ్రిల్లింగు మిషను పట్టి చెవులు పోగొట్టుకున్నావు కాబట్టి ఇంక మనకు ఉత్తరాలే గతి.

జరిగింది చెప్తా విను, అదే, చదువు. మన ఫుట్‌బాల్ టీము ఆడే స్టేషన్ గ్రౌండు ఉంది కదా, ఆ స్థలం గల పెద్దాయన పోయాక ఆయన మనవరాలు శివాని చేతికి వచ్చింది. మంచి పిల్లే. కర్నూలు నుంచి వచ్చి, గ్రౌండంతా తిరిగి చూసి, నా బండి దగ్గర ఉగ్గాని బజ్జీ తిని, చల్లగా చెప్పింది: "అత్తా, ఇక్కడ బండలు పేర్చుకుంటామని నలుగురు అడుగుతున్నారు. నాకు ఆటంటే ఇష్టమే. కానీ గుంపుతో నేను అగ్రిమెంటు రాసుకోలేను కదా. రెండు వందల మంది సభ్యులున్న క్లబ్బును చూపించండి, పదేళ్లకు రాసిస్తాను." గడువు నవంబరు ముప్పై.

నాయన తన చేతులతో చదును చేసిన గ్రౌండురా అది. క్వారీలో బండలు కొట్టి వచ్చి, సాయంత్రం పాలిష్ ఫ్యాక్టరీ పిండితో గీతలు గీసేవాడు. అందుకే కదా మన వాళ్లను జిల్లా అంతా బండలోళ్ల టీము అంటారు. ఆ గీతల మీద బండలు పేరుస్తారంటే నాకు ఆ రోజు అన్నం దిగలేదు.

మీటింగు పెట్టాము. కార్డులు అమ్మే పని ఎవరు చేస్తారంటే మగాళ్లందరూ చెప్పుల వైపు చూసుకున్నారు. పాలిష్ ఫ్యాక్టరీ రామలింగప్పన్న "విశ్వాసక్క ఉండాది కదప్పా, ఊరంతా ఆమె బజ్జీ తిన్నోళ్లే, ఎవురు కాదంటారు?" అని నా నెత్తిన పెట్టేశాడు. నేనూ సరేనన్నాను. ఏముంది, మ్యాచికి వెయ్యి మంది వస్తారు, అందులో రెండు వందల మంది కార్డు కొనరా?

ఫారం ఎలా ఉండాలో నాకేం తెలుసు? మన పాస్టరు గారి దగ్గర, గుడి బీరువాలో సంఘ సభ్యత్వం ఫారం ఉంటే దాన్ని చూసి రాయించి జిరాక్సు తీయించాను. పేరు, తండ్రి పేరు, ఊరు, కింద "నేను మరే క్లబ్బులోనూ సభ్యత్వం కలిగి లేనని సాక్ష్యమిస్తున్నాను" అని ఒక మాట, సంతకం. వేరే సంఘం నుంచి వచ్చినవాళ్లు మన గుడిలో అలా రాసివ్వాల్సిందే కదా. చూసినవాళ్లంతా "అబ్బో, గట్టిగా ఉందక్కా" అన్నారు.

ఒకటో నంబరు కార్డు నాయనది. ఆనందం అని పేరు రాసి ఫ్రేము కట్టించాను, అది ఎవరికీ ఇవ్వను. రెండోది నీది. మూడోది నాది. ఏడాదికి మూడు వందలు, నీ వంతు నేను కట్టేస్తాలే. సంతకం మాత్రం నీది కావాలి. ఫారం దీంతోనే పెట్టాను. వెంటనే పంపు.

నీ సంతకం కోసం కాచుకుని ఉన్న
అక్క విశ్వాసమ్మ

* * *

మంగంపేట,
ఆగస్టు 24

ప్రియమైన అక్కా,

నీ ఉత్తరం చదివి నేనూ స్తుతీ కడుపు పట్టుకుని నవ్వాము. రిఫరీని గరిటె పట్టుకుని గ్రౌండు చుట్టూ తరిమిన మనిషి ఇప్పుడు సెక్రెటరీ! నాయన ఉంటే ఊరంతా చెప్పుకుని తిరిగేవాడు.

ఫారం అందింది. దాని మీద ఫొటో అంటించాలి కదా, ఉన్న ఫొటోలో నాకు మీసం ఉంది, ఇప్పుడు లేదు. కొత్తది తీయించుకోవాలి. ఆదివారం తప్ప తీరిక ఉండదు, ఆదివారాలేమో అసలే తీరిక ఉండటం లేదు. కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది. ఏమనుకోవద్దు.

ఇక్కడ అంతా క్షేమం. నన్ను డ్రిల్లింగు నుంచి స్టోర్సుకు మార్చారు. చెవులకు విశ్రాంతి, కాళ్లకు పని. జెస్సీ పదో తరగతికి వచ్చింది. వాళ్లమ్మ కంటే జానెడు ఎత్తు పెరిగింది. చేతులు చూస్తే అచ్చం నాయన చేతులే అక్కా, చాటంత. అటక మీది డబ్బా కావాలంటే స్టూలు వేసుకోదు, ఎగిరి అందుకుంటుంది. స్తుతి రోజూ తిడుతుంది, నేను రోజూ మెచ్చుకుంటాను.

ఒక చిన్న మాట. మ్యాచికి వచ్చినవాళ్లంతా కార్డు కొంటారనుకోవద్దు. అరవడం వేరు, సంతకం పెట్టడం వేరు. ఒక్కొక్కరి ఇంటికి వెళ్లి, ఎందుకు కొనడం లేదో అడిగి చూడు. తిట్టకుండా అడుగు.

ఇట్లు నీ బండలోడు,
తమ్ముడు ఏసుకుమార్

* * *

బేతంచెర్ల,
సెప్టెంబరు 22

ప్రియమైన తమ్ముడూ,

నీకు మీసం మొలిచిందా ఇంకా? అసలు ఫారం మీద ఫొటోకు చోటే పెట్టలేదు కదరా! బాగా చూడు.

నువ్వు చెప్పినట్టే ఇల్లిల్లూ తిరిగాను. తిట్టకుండానే. (ఇద్దరిని మాత్రం తిట్టాను.) ఒక్కొక్కరు చెప్పిన కారణాలు వింటే నీ చెవులు పోవడమే మేలనిపిస్తుంది.

రామలింగప్పన్న దగ్గరికే మొదట వెళ్లాను. టీము బయటి ఊరికి వెళ్తే లారీ ఆయనదే, మెట్లకు బండలు ఆయనవే. "కార్డు తీసుకుంటే నేనూ అందరి మాదిరే అయితా కదమ్మా. ఇప్పుడైతే నేను రామలింగప్ప" అన్నాడు. సరే, పెద్దాయన, వదిలేశాను. తర్వాత లారీ డ్రైవరు రామకృష్ణ. మన టీము ఓడితే వాడి నోటికి తాళం ఉండదు, తెలుసు కదా. "అక్కా, ఇప్పుడైతే క్లబ్బోళ్లని తిడతాండా. కార్డు తీసుకుంటే నేనే క్లబ్బు. ఇంక తిట్టేది ఎవుర్ని? నన్నా?" అన్నాడు.

గురమ్మవ్వ ముప్పై ఏళ్లుగా ప్రహరీ గోడ మీద కూర్చుని చూస్తుంది. "మెంబర్లకు కుర్చీ ఏస్తావంట. కుర్చీలో కూకొని ఎవురు జూస్తారు మ్యాచి? గోడే నాకు బాగుండాది" అంది. నరసన్న ఐదేళ్ల కిందట ఏదో క్రికెట్ క్లబ్బులో చేరాడట, వాళ్లు వరుసగా ఏడు మ్యాచులు ఓడిపోయారట. "నేను జేరితే టీముకు శని బడతాది, వద్దక్కా, మన టీము మీద ప్రేమతోనే చెప్తాండా" అని దండం పెట్టాడు. మిగిలినవాళ్లంతా ఒకటే పాట: "మన ఇంట్లోకి మనం టికెట్ కొనుక్కుని పోతామా?"

కొన్నవాళ్ల కథలు ఇంకా బాగుంటాయి. హెన్రీ మాస్టారు జన్మలో బంతి తన్నలేదు, మ్యాచి చూడలేదు. అడగ్గానే కొన్నాడు. ఎందుకు సార్ అంటే, "కొంటే మళ్లీ అడగరు కదమ్మా" అన్నాడు. హేమావతి తెలుసా, మగ్గం నేసే వాళ్లింటి పిల్ల, ఇక్కడికి కోడలిగా వచ్చింది. ఆమె కార్డును రెండు చేతులతో పట్టుకుని, "విశ్వాసక్కా, మా ఇంట్లో గ్యాసు బుక్కు కూడా నా పేరు మీద లేదు. దీని మీద నా పేరొక్కటే ఉండాది" అంది. ఆ పిల్లను చూసి నాకు కళ్లు చెమర్చాయి.

అయినా ఇలా ఒకటీ రెండూ అయితే ఎప్పటికి తెమిలేను? అందుకే నా తెలివి వాడాను. గుడిలో చందా కట్టనివాళ్ల పేర్లు ఏడాది చివర చదువుతారు కదా. మొన్న ఆదివారం మ్యాచి సగంలో మైకు తీసుకుని, కార్డు కొనని వాళ్ల పేర్లు అక్షరాల వరుసలో చదివాను. 'గ' దాకా వచ్చేసరికి గ్రౌండు సగం ఖాళీ! గురమ్మవ్వ ఎనభై ఏళ్ల వయసులో గోడ దూకేసింది. మరుసటి రోజు నా బజ్జీలు ముప్పాతిక మిగిలిపోయాయి. పాస్టరు గారు కూడా కనపడి, "అమ్మా విశ్వాసమ్మా, గుడిలో చదివితేనే ఎవరూ కట్టరు" అని నవ్వి వెళ్లిపోయారు.

ఇప్పటికి నలభై ఎనిమిది. మిగతాది నువ్వే ఆలోచించి చెప్పు. వచ్చే నెల పందొమ్మిదిన రాజంపేటలో ఆ చెయ్యేరు క్లబ్బోళ్లతో మన మ్యాచి ఉంది, నీకు దగ్గరే కదా, రా. నీ ఫారం ఏదిరా?

మిగిలిపోయిన బజ్జీలు తింటూ,
అక్క

* * *

మంగంపేట,
అక్టోబరు 3

ప్రియమైన అక్కా,

గురమ్మవ్వ గోడ దూకిందని చదివి స్టోర్సులో అందరి ముందూ పగలబడి నవ్వాను. మా సూపర్‌వైజరు ఉత్తరం లాక్కుని చదివి, తనూ నవ్వాడు. ఇప్పుడు ఇక్కడ షిఫ్టు షిఫ్టుకూ నీ కథే.

నువ్వు ఆలోచించమన్నావు కదా, ఆలోచించాను. నాకు తెలిసిన ఒకాయన ఉన్నాడు. ఆయన ఒక క్లబ్బులో కార్డు తీసుకున్నాడు. ఆ టీమంటే ప్రేమా లేదు, దోమా లేదు. అవసరం కోసం తీసుకున్నాడు. ఆ క్లబ్బులో మెంబర్ల పిల్లలనే గ్రౌండులోకి రానిస్తారు. మొదట మొహం చాటేసుకుని వెళ్లేవాడు. రెండు నెలలకు అక్కడి టీ కొట్టాయన పేరు తెలిసింది. నాలుగు నెలలకు గేటు దగ్గరి ముసలాయన మోకాలి నొప్పి సంగతి తెలిసింది. ఇప్పుడు ఆ కార్డు జేబులో లేకపోతే ఏదో మరిచిపోయినట్టు ఉంటుందట. అంటే అక్కా, ప్రేమ ఉంటేనే కార్డు కొంటారని లేదు. ఒక్కోసారి కార్డే ముందొస్తుంది.

అలాగే, ఎవరికి వాళ్లు తమ కోసం కొనుక్కోవాలంటే మనవాళ్లకు ఎక్కడో సిగ్గు. మన నాయన చూడు, తన కోసం చొక్కా ఎప్పుడైనా కొనుక్కున్నాడా? నువ్వో నేనో కొంటే మాత్రం గుడికి అదే వేసుకుని వచ్చేవాడు.

పందొమ్మిదో తేదీ రాజంపేటలో చెయ్యేరు క్లబ్బుతో మన మ్యాచి ఉందని రాశావు. వచ్చి నిన్ను చూడాలనే ఉంది గానీ ఆ రోజు నాకు డ్యూటీ పడింది. ఏం చేయను.

ఫొటో సంగతి చూస్తాను.

ప్రేమతో,
ఏసుకుమార్

* * *

బేతంచెర్ల,
అక్టోబరు 24

ఏసుకుమార్‌కు,

పందొమ్మిదిన లారీ ఎక్కి ఆరు గంటలు కుదుపుల్లో వచ్చాము. నీకోసం ఉగ్గాని మూట కట్టుకుని వచ్చాను. డ్యూటీ అన్నావని, ఎవరి చేతనైనా పంపిద్దామనుకున్నాను.

మ్యాచి సగంలో హెన్రీ మాస్టారు (అవును, కార్డు కొన్నాక ఆయన మ్యాచులకు కూడా వస్తున్నాడు) నీళ్లకోసం వాళ్ల మెంబర్ల షామియానా వైపు వెళ్లాడు. తిరిగొచ్చి, "మీ తమ్ముడు అక్కడ కుర్చీలో కూర్చుని ఉన్నాడమ్మా, మెడలో చెయ్యేరు కార్డు" అన్నాడు. మాస్టారికి చూపు ఆనదు, ఇంకెవరినో చూసి ఉంటారని నేను ఆయన్నే కసురుకున్నాను. లారీ ఎక్కాక నీ పాత ఉత్తరం గుర్తొచ్చింది. "నాకు తెలిసిన ఒకాయన" అన్నావే.

చిన్నప్పుడు నాయన ముందు నిలబడి, బండలోళ్లకు తప్ప ఇంకో టీముకు చప్పట్లు కొట్టనని ఒట్టు పెట్టింది ఎవర్రా? నేనిక్కడ గడప గడపా తిరిగి కాళ్లు అరగదీసుకుంటుంటే, నువ్వక్కడ గోడ మీద పిల్లిలాగా కూర్చున్నావా? అది అబద్ధమైతే సంతకం పెట్టి ఫారం పంపు. నిజమైతే పంపొద్దు.

అరవై ఒకటి అయ్యాయి. ఇంకా నెలరోజులుంది.

విశ్వాసమ్మ

* * *

మంగంపేట,
నవంబరు 9

ప్రియమైన అక్కా,

పక్షం రోజులుగా రాస్తున్నాను, చింపుతున్నాను. నిజమే. హెన్రీ మాస్టారి కళ్లు బాగానే ఉన్నాయి.

జెస్సీ గోల్‌కీపరు అక్కా. ఏడాదిన్నర అయింది. ఇక్కడ కాలనీలో ఆడపిల్లలు ఆడే చోటు లేదు. రాజంపేటలో చెయ్యేరు క్లబ్బుకు అమ్మాయిల టీము ఉంది, కోచ్ ఉన్నాడు. కానీ మెంబర్ల పిల్లలకే ప్రవేశం. ఆ కార్డు తీసుకున్న రోజు నేను నాయన ఫొటో వైపు చూడలేకపోయాను. ప్రతి ఆదివారం గంట బస్సులో పోయి, పొద్దున్నుంచి సాయంత్రం దాకా అక్కడే ఉంటాను. అందుకే నీకు ఆదివారాలు తీరిక లేదని రాసింది. నీకు చెప్పాలని ఎన్నిసార్లు అనుకున్నానో. ఆ టీము పేరెత్తితేనే నువ్వు ఉమ్మేసేదానివి కదా అక్కా, భయమేసింది.

పందొమ్మిదిన పొద్దున అమ్మాయిల మ్యాచి అయింది. మీరొచ్చేసరికి అయిపోయింది. జెస్సీ పెనాల్టీ ఆపింది! నాయన చేతులు అడ్డం పెట్టినట్టే ఉంది నాకు. ఆ తర్వాత మీ లారీ వచ్చింది. నువ్వు దిగడం చూసి షామియానాలో స్తంభం చాటున కూర్చున్నాను. గ్రౌండుకు అవతల నువ్వు. మధ్యలో మ్యాచి. నాకు వినపడదు కదా, అయినా తొంభై నిమిషాలు నీ పెదాలే చూశాను. నువ్వు రిఫరీని తిట్టిన ప్రతి తిట్టూ నాకు అర్థమైంది అక్కా. "నీ కండ్లల్లో దుమ్ము పడ" దగ్గర్నుంచి "నీకు బజ్జీ పెట్టను పో" దాకా. మనవాళ్లు గోలు వేసినప్పుడు నన్ను నేను మరిచిపోయి కుర్చీలోంచి లేచి అరిచాను. చుట్టూ ఉన్న మెంబర్లంతా నన్నే చూశారు. గేటు ముసలాయన చెయ్యి పట్టి కూర్చోబెట్టి, "ఏమప్పా, మీదేనా ఆ ఊరు?" అన్నాడు. అవునన్నాను. ఆయన నవ్వాడు.

నీ ఫారం వంద సార్లు చదివాను. ఫొటో, మీసం అన్నీ గుమ్మడికాయల దొంగ భుజాలు తడుముకోవడమే. అడ్డం వచ్చింది ఆ కింది మాటే. "మరే క్లబ్బులోనూ సభ్యత్వం కలిగి లేనని సాక్ష్యమిస్తున్నాను." అబద్ధ సాక్ష్యం పలకొద్దని నాయన మనకు నేర్పించాడు కదా. చెయ్యేరు కార్డు వదిలేద్దామా అంటే ఈ నెల ఇరవై మూడున జెస్సీకి జిల్లా సెలెక్షన్లు. ఇప్పుడు వదిలితే ఆ పిల్ల గేటు బయట నిలబడాలి. అది నా చేత కాదు.

అందుకే సంతకం లేని ఫారం తిప్పి పంపుతున్నాను. రెండో నంబరు ఇంకెవరికైనా ఇవ్వు. కోపం వస్తే తిట్టి రాయి, కానీ రాయి.

ఎప్పటికీ నీ తమ్ముడే అయిన
ఏసుకుమార్

* * *

బేతంచెర్ల,
నవంబరు 18

నా తమ్ముడూ, నా వెర్రి నాయనా,

నీ ఉత్తరం శుక్రవారం అందింది. మొదటి పేజీ చదివి పొయ్యిలో వేద్దామనుకున్నాను. రెండో పేజీలో నా తిట్లు నాకే రాశావు చూడు, అక్కడ నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాను. నా మేనకోడలు పెనాల్టీ ఆపితే, మేనత్త అదే ఊర్లో ఉండి చూడలేదు! ఆ కోపం మాత్రం నీ మీద ఇప్పటికీ పోలేదు, పోదు కూడా.

మొన్న ఆదివారం మన గుడిలో కోత పండుగ. వేలానికి ఎప్పటిలాగే కులమతాలు లేకుండా ఊరంతా వచ్చింది. గుమ్మడికాయలు, కొర్రలు, వేరుశనగ బుడ్డల మూటలు, కోడిపుంజులు. వేలం పాడించేది ఏసుబాబన్న. శివానిని కూడా నేనే పిలిచాను, వచ్చింది. కోళ్ల వేలం కాగానే నేను లేచి, మైకు అడిగాను. మైకు నా చేతికి రాగానే గురమ్మవ్వ గోడ వైపు చూసింది. "ఈసారి పేర్లు చదవనులే అవ్వా" అన్నాను. అందరూ నవ్వారు.

అప్పుడు చెప్పాను. నా సొంత తమ్ముడు చెయ్యేరు క్లబ్బు మెంబరని, ఎందుకయ్యాడో, నా ఫారం ఎందుకు తిప్పి పంపాడో అంతా చెప్పాను. నా మొహం కందిపోయింది. ఇంతలో వెనకనుంచి రామకృష్ణ లేచాడు.

"అక్కా, తిట్టనంటే ఒక మాట చెప్తా. మా అత్తగారిది రాజంపేట. పెండ్లయిన ఏడే మా మామ నాకు చెయ్యేరు కార్డు కొనిచ్చినాడు. లారీలో మ్యాటు కింద దాచిపెట్టి ఉండాది. ఎవుర్ని తిట్టాలని చెప్పిందంతా ఉత్తదే. నాక్కూడా ఆ కింది మాటే అడ్డమొచ్చింది."

వాడు కూర్చోకముందే గురమ్మవ్వ: "నా మనవడు నంద్యాల్లో ఆడతాండాడు. ఆడ నన్నూ జేర్చినాడు. గోడ బాగుండేది నిజమే, అయినా అదొక్కటే కాదు." తర్వాత ఒకరు, ఇంకొకరు. మంగంపేటలో పనికి పోయి వచ్చినవాళ్లు, లారీల మీద ఊర్లు తిరిగేవాళ్లు, ఆ ఊరి అల్లుళ్లు, ఈ ఊరి కోడళ్లు. మొత్తం ముప్పై ఎనిమిది మంది! చివర్లో నరసన్న కూడా లేచాడు. నువ్వెక్కడ మెంబరు నాయనా అంటే, "నాకే క్లబ్బూ ల్యాదక్కా. నాది నిజంగా శకునమే. అందురూ లేస్తాంటే లేచినా" అన్నాడు.

శివాని ఫారం తీసుకుని చదివి, "అత్తా, ఈ మాట ఎవరు పెట్టమన్నారు? నేను రెండు వందల పేర్లు అడిగాను, అంతే" అంది.

ఎవరు పెట్టమన్నారు? నేనే పెట్టాను. గుడి ఫారం చూసి, గుడికి ఉన్నట్టే ఆటకూ ఉండాలనుకున్నాను. రాజంపేట వాళ్ల మీద మంటతో మరీ గట్టిగా రాయించాను కూడా. మూడు నెలలు ఊరందరినీ ఎందుకు కొనరని నిలదీశాను. అడ్డం పెట్టింది నేనేనని నాకు తట్టలేదు. అక్కడికక్కడే పెన్ను తీసుకుని ఆ మాట కొట్టేశాను. హేమావతీ, ఇంకో నలుగురు ఆడవాళ్లూ కూర్చుని మిగతా ఫారాలన్నిటి మీదా కొట్టేశారు. పాస్టరు గారు చూస్తూనే ఉన్నారు.

అప్పుడు ఏసుబాబన్నకు ఉత్సాహం వచ్చింది. "ఇయి కూడా వేలం పెడతా. మన కట్టుబాటు తెలుసు కదా, తెచ్చినోడు తన వస్తువు తాను పాడుకోగూడదు. అట్లనే ఎవురి కార్డు వాళ్లు కొనగూడదు!" అన్నాడు. నువ్వు నాయన చొక్కా గురించి రాశావే, అది నిజమేరా. తమ కోసం చెయ్యి జేబులోకి పోనివాళ్లు పక్కవాడి కోసం ఎగబడి పాడారు. రామలింగప్పన్న కార్డును రామకృష్ణ కోడిపుంజు పెట్టి పాడుకుని ఆయన చేతిలో పెట్టాడు. లారీలూ బండలూ అందరికీ ఇచ్చే ఆ పెద్దమనిషి కార్డు పట్టుకుని, "నా జన్మలో నాకు ఎవురూ ఏమీ కొనియ్యల్యా" అని కండువాతో కళ్లు తుడుచుకున్నాడు. గురమ్మవ్వకు హెన్రీ మాస్టారు కొన్నాడు. కుర్చీ వద్దు, గోడే కావాలని కార్డు మీద రాయించుకుంది.

ఆఖరికి రెండో నంబరు తీశాను. నేనే పాడదామనుకున్నాను. "తెచ్చింది నువ్వే కదమ్మా, నువ్వు పాడగూడదు" అని ఏసుబాబన్న ఆపేశాడు. నాకు ప్రాణం ఉసూరుమంది. అప్పుడు హేమావతి లేచింది. పుట్టింట్లో తన చేత్తో నేసుకున్న చీర, కట్టనిది, బల్ల మీద పెట్టింది. "ఆ పాప గోల్‌కీపరంట కదా. మా పాప కూడా బంతి వదలదు. ఈడ ఎవురు నేర్పిస్తారు? వాళ్ల నాయనకు ఈ కార్డు నేను కొంటా" అంది. ఏసుబాబన్న అక్కడికే పాట ముగించాడు.

నిన్నటికి సంతకాలు నూట తొంభై తొమ్మిది. రెండువందలోది పెట్టడానికి నరసన్న పెన్ను పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నా తమ్ముడి కంటే ముందు పెట్టావంటే నీకు జన్మలో బజ్జీ లేదని చెప్పాను. ఆ కింది మాట కొట్టేసిన నీ ఫారం దీంతో పెట్టాను. ఇప్పుడు అబద్ధ సాక్ష్యం లేదు. సంతకం పెట్టరా.

సెలెక్షన్లయ్యాక జెస్సీని తీసుకురా. సెలవుల్లో ఉండి మా ఆడపిల్లలకు గోలు ఆపడం నేర్పాలి. ఇప్పటికే పదకొండు మంది పేర్లిచ్చారు. డిసెంబరులో మన గ్రౌండులో అమ్మాయిల మ్యాచి, చెయ్యేరు పిల్లల్నీ పిలుస్తున్నాను. గీతలకు పాలిష్ పిండి సగం ఉంది. మిగతా సగానికి మీ ముగ్గురాయి పిండి ఒక మూట మోసుకురా.

తిట్టడానికి, ముద్దు పెట్టడానికి, రెంటికీ ఎదురుచూస్తున్న
అక్క

తా.క. ఆ చెయ్యేరు క్లబ్బు ఫారం ఒకటి నాకూ పంపు. ఎందుకని అడగొద్దు. డబ్బులు నువ్వు వచ్చినప్పుడు ఇస్తా.

* * *

మంగంపేట,
నవంబరు 24

ప్రియమైన అక్కా,

సంతకం పెట్టాను. తొందరలో కొంచెం వంకరగా వచ్చింది, నరసన్న చూసి శకునం అంటాడేమో, చూపించొద్దు.

జెస్సీ సెలెక్టయింది! నిన్న సాయంత్రం పేర్లు చదివారట. నాకు వినపడలేదు. అది పరుగెత్తుకుంటూ వస్తుంటే మొహం చూసి తెలుసుకున్నాను.

పిండి మూట కట్టి పెట్టాను. ఇరవై తొమ్మిదిన ముగ్గురం బయల్దేరుతున్నాము. నువ్వడిగిన చెయ్యేరు ఫారం మాత్రం పంపడం లేదు, దీంతో నీ కార్డే పంపుతున్నాను. నీ ఉత్తరం జెస్సీకి చదివి వినిపిస్తే, "మేనత్త కార్డు మేనత్త కొనకూడదు కదా నాయనా" అని ఇన్నాళ్లు దాచుకున్న డబ్బులు డబ్బాలోంచి తీసి తనే కొన్నది. నాలుగు వందల పన్నెండో నంబరు. పేరు దానిచేతే రాయించాను: ఆనందం గారి కూతురు విశ్వాసమ్మ, బేతంచెర్ల.

గేటు ముసలాయన నిన్ను చూడాలంటున్నాడు. ఆ రోజు రిఫరీని తిట్టింది నువ్వేనని చెప్పాను.

రెండో నంబరు మెంబరు,
నీ తమ్ముడు ఏసుకుమార్